పట్టూ విడుపూ: ఒక చిన్న క్లాంపు నేర్పిన సంగతులు

(వేదిక వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు మొదట వెనకాడాం. మేం ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లం కాదు. పాలిటెక్నిక్‌లో డిప్లొమా, ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదివి, కొన్నాళ్లు దుబాయ్‌లో, ఆ తర్వాత ఇక్కడ సిడ్నీలో సైటు పనుల్లో పడ్డవాళ్లం. మేము అంటే ఒక్కరు కాదు, మా గ్యాంగులో నలుగురం. ఇద్దరం నిజామాబాద్ వైపు, ఒకరు అమలాపురం, ఒకరు శ్రీకాకుళం. ఇక్కడ సూపర్‌వైజర్ గొంతు వినిపిస్తున్నా మాట మాత్రం నలుగురిది.

వీసాల గురించి, జీతాల గురించి మాకన్నా బాగా తెలిసినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. మేం చెప్పగలిగింది అరచేతిలో పట్టే ఒక వస్తువు గురించి. ప్యానెల్ లోపల సన్నని ఫైబర్ కేబుళ్లను కదలకుండా, నలగకుండా పట్టి ఉంచే క్లాంపు అది. ఇంత చిన్నదాని గురించి ఏం చెబుతారులే అనుకోవద్దు. దాని వెనక ఒక పిల్లాడి ఉద్యోగం ఉంది, మా తప్పు కూడా ఉంది.

జరిగింది ఇదీ

సిడ్నీకి పడమటి వైపు ఒక పంపింగ్ స్టేషన్ పని. కంపెనీ పేరు అనవసరం. ఒక పెద్ద పంపు, దాని మోటారు, పక్కనే కంట్రోల్ ప్యానెల్. మూడూ ఒకే ఇనుప ఫ్రేము మీద కూర్చుంటాయి. పంపు అదురు నేలకు దిగకుండా ఆ ఫ్రేము కింద రబ్బరు దిమ్మలు పెట్టారు. గోడకు బిగించిన కేబుల్ ట్రే నుంచి ఫైబర్ కేబుళ్లు ప్యానెల్‌లోకి దిగుతాయి. పంపు ఎంత వేగంతో తిరుగుతోంది, ఎంత వేడెక్కింది అన్న సంగతులన్నీ ఆ గాజు దారాల మీదే కంట్రోల్ రూముకు పోతాయి.

ట్రేలు, బ్రాకెట్లు, ప్యానెల్ నిలబెట్టడం మా పని. ఫైబర్ పని మాత్రం ఇక్కడ ఎవరు పడితే వాళ్లు చేయడానికి లేదు. టెలికాం నెట్‌వర్కుకు కలిసే కేబుళ్లను వేయాలన్నా, బిగించాలన్నా ఏసీఎంఏ నిబంధనల ప్రకారం రిజిస్టర్ అయిన కేబులర్ చేయాలి. లేదా ఆయన దగ్గరుండి చూస్తుండగా మనం చేయాలి. అందులోనూ ఫైబర్‌కు వేరేగా ఎండార్స్‌మెంట్ ఉండాలి. మా సైటులో అలాంటి పెద్దాయన ఒకరు ఉండేవారు. గ్రీసు నుంచి వచ్చిన కుటుంబం, ముప్పై ఏళ్ల అనుభవం. ఆయన కొసలు కలిపేవారు, మేం ఆయన చూపించిన చోట్ల కేబుళ్లు కట్టేవాళ్లం.

పంపు నడపడం మొదలెట్టిన మూడు వారాలకు లింకు తెగింది. పెద్దాయన వచ్చి కొస మళ్లీ కలిపారు. పది రోజులకు మళ్లీ తెగింది. మూడోసారి తెగినప్పుడు మీటింగు పెట్టారు. ప్యానెల్ లోపల టైలు కట్టింది ఎవరని లాగు బుక్కు తీశారు. అందులో మా శ్రీకాకుళం తమ్ముడి సంతకం ఉంది.

ఇరవై నాలుగేళ్ల పిల్లాడు. 482 వీసా మీద వచ్చాడు. వాళ్ల నాన్న పొలం తాకట్టు పెట్టి పంపించాడు. మమ్మల్ని పనిలో పెట్టుకున్న సబ్‌కాంట్రాక్టరు "ఖర్చంతా వీడి జీతంలో కోస్తాం, వచ్చే నెల ఉంచేదీ లేనిదీ తర్వాత చూద్దాం" అన్నాడు. తమ్ముడు నోరు మెదపలేదు. ఆ రాత్రి వెంట్‌వర్త్‌విల్‌లో మా గదిలో అన్నం కలుపుకుని అలాగే కూర్చున్నాడు. చివరికి ఒక్క మాట అన్నాడు: "అన్నా, గట్టిగా బిగించమని మీరే కదా చెప్పారు."

నిజమే. మేమే చెప్పాం. దుబాయ్‌లో మాకూ అలాగే నేర్పారు. టై వేయాలి, గన్నుతో టక్కుమనేదాకా లాగాలి, తోక కొయ్యాలి. వదులుగా ఉంటే ఫోర్‌మన్ తిట్టేవాడు. కరెంటు తీగలకు సరిపోయిన ఆ అలవాటునే గాజు తీగలకూ తగిలించాం. మీటింగులో ఆ మాట లేచి చెప్పాల్సింది, చెప్పలేదు. మా ఉద్యోగాల భయం మాది. ఈ సంగతి ఇక్కడ దాచకుండా చెప్పాలని నలుగురం అనుకునే వచ్చాం.

గాజు దారం స్వభావం

ఫైబర్ అంటే మన తలవెంట్రుక కన్నా కాస్త లావుండే గాజు దారం. గాజు మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెలుగు నడిచే లోపలి దారి సింగిల్ మోడ్ ఫైబర్‌లో సుమారు 9 మైక్రాన్లే. పైన ప్లాస్టిక్ పూత వేస్తే పావు మిల్లీమీటరు అవుతుంది. దాని చుట్టూ పసుపుపచ్చ అరామిడ్ నూలు, ఆపైన తొడుగు.

వంకర దారిలో కూడా వెలుగును గాజు దారాల గుండా పంపి చూపినవాళ్లలో పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ ముఖ్యుడు. 1954లో లండన్‌లో ఆయన, హాప్కిన్స్ కలిసి ఆ పరిశోధన ప్రచురించారు. దూరాలకు సమాచారం మోయడానికి ఈ గాజు పనికొస్తుందని 1966లో చెప్పిన చార్లెస్ కావోకు 2009లో నోబెల్ వచ్చింది. వాళ్లు ప్రయోగశాలలో చేసింది ఇవాళ మన చేతుల్లోకి వచ్చింది.

వెలుగు ఈ దారంలో గోడలకు తగిలి మళ్లీ లోపలికే తిరుగుతూ పోతుంది. దారాన్ని మరీ వంచితే గోడ దాటి బయటికి కారిపోతుంది. మామూలు జి.652 రకం ఫైబర్‌ను 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కన్నా చిన్న వంపులో పెట్టకూడదు. వంపులకు తట్టుకునే జి.657 రకాల్లో ఏ1కు 10, ఏ2కు 7.5 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటారు. ఇది లోపలి దారం లెక్క. కేబుల్ మొత్తానికి సైటులో వాడే లెక్క వేరు. లాగేటప్పుడు కేబుల్ మందానికి 20 రెట్లు, వేశాక 10 రెట్లు వ్యాసార్ధం వదలాలి. తయారీదారు కాగితంలో ఇంకోలా రాసి ఉంటే దాన్నే పాటించాలి.

కంటికి కనిపించే వంపు ఒకటైతే, కనిపించని వంపు ఇంకొకటి. టై బిగించిన చోట తొడుగు నొక్కుకుపోయి, లోపల గాజు మీద ఒక చిన్న గుంటలాంటి ఒత్తిడి పడుతుంది. దాన్ని మైక్రోబెండ్ అంటారు. బయటికి కేబుల్ నిటారుగానే ఉంటుంది, లోపల వెలుగు కారుతూ ఉంటుంది. ఇంకో సంగతి ఏమిటంటే ఒత్తిడిలో ఉన్న గాజుకు తేమ తగిలితే దాని మీది కంటికి కనపడని పగుళ్లు నెమ్మదిగా పెరుగుతాయి. ఇవాళ పరీక్షలో పాసైన దారం ఆరు నెలలకో ఏడాదికో తెగుతుంది. అప్పటికి బిగించినవాడు ఇంకో సైటులో ఉంటాడు. అందుకే ఈ తప్పు ఎవరి తప్పో చాలాసార్లు తేలదు. తేలినప్పుడు చిన్నవాడి మీద పడుతుంది.

ఈ నైలాన్ టై పుట్టుక కూడా చెప్పుకోవాలి. థామస్ అండ్ బెట్స్ కంపెనీలో పనిచేసే మారస్ లోగన్ ఒక విమానాల ఫ్యాక్టరీలో తీగల కట్టలను మైనం దారంతో ముడివేస్తున్న కార్మికుల చేతులు కోసుకుపోవడం చూశాడు. దానికి ఉపాయంగా టై తయారుచేశాడు. 1958లో అది బజారుకొచ్చింది. అంటే కూలివాడి చేతిని కాపాడటానికి పుట్టిన వస్తువు అది. దానిది తప్పు కాదు. ఎక్కడ వాడాలి, ఎంత లాగాలి అన్నది మనకు ఎవరూ చెప్పకపోవడం తప్పు.

తప్పు ఎక్కడుందో వెతికాం

మర్నాడు పెద్దాయన దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఆయన కోప్పడలేదు. "ముందు తెగిన చోటు చూద్దాం, మనుషుల సంగతి తర్వాత" అన్నారు.

ఆయన ఓటీడీఆర్ మిషను తెచ్చారు. దారంలోకి వెలుగు పంపి, తిరిగొచ్చిన దాన్ని బట్టి ఎన్ని మీటర్ల దగ్గర నష్టం ఉందో చెప్పే మిషను అది. మిషనుకు మరీ దగ్గరగా ఉన్న తప్పు దానికి కనపడదు కాబట్టి ముందు ఒక చుట్ట ఫైబర్ కలిపి చూశారు. 1310 నానోమీటర్ల వెలుగుతో చూస్తే నష్టం కొద్దిగానే ఉంది. 1550తో చూస్తే గీత ఒక్కసారిగా కిందికి పడింది. అప్పుడు ఆయన నేర్పిన సూత్రం మీరూ గుర్తుపెట్టుకోండి. రెంటిలోనూ నష్టం ఒకేలా ఉంటే కొస మురికిగా ఉందనో, అతుకు బాగా లేదనో అనుమానించాలి. 1550లో బాగా ఎక్కువగా ఉంటే ఎక్కడో వంపో, నొక్కుడో ఉంది. ఆ ప్యానెల్‌లో ఒకే ఫైబర్ మీద 1310 వెళ్తుంది, 1550 వస్తుంది. అందుకే ఒక వైపు మాట వినిపిస్తూనే రెండో వైపు పడిపోయేది.

తర్వాత ఎర్ర లేజర్ పెన్ను కలిపి లైట్లు ఆర్పారు. ఒక టై దగ్గర పసుపు తొడుగు ఎర్రగా మెరిసింది. ఇక్కడ ఒక జాగ్రత్త. ఫైబర్ కొసలోకి ఎప్పుడూ కన్ను పెట్టి చూడకండి. ఎర్ర పెన్ను వెలుగైనా కనిపిస్తుంది, 1310, 1550 కంటికి కనపడవు. వెలుగు లేదనుకుని చూస్తే కంటికే ప్రమాదం. తెగిన గాజు ముక్కలు చర్మంలో దిగితే తియ్యడం కష్టం. కళ్లద్దాలు పెట్టుకోవాలి, ముక్కలను డబ్బాలో వెయ్యాలి, అక్కడ టిఫిన్ తినకూడదు.

అయితే టై ఒక్కటే కారణమైతే లింకు మొదటి రోజే పడాలి. పంపు స్టార్టు చేసినప్పుడే ఎందుకు పడుతోంది? ఇది తేల్చడానికి మేం మామూలు ఉపాయం చేశాం. గోడ ట్రేకు ఒక అట్టముక్క అతికించి, ప్యానెల్‌కు ఒక పెన్ను కట్టాం. పంపు స్టార్టు చేయగానే పెన్ను అట్ట మీద నాలుగు మిల్లీమీటర్ల గీత గీసింది. ఆపినప్పుడు ఇంకో గీత. గోడ కదలదు, రబ్బరు దిమ్మల మీదున్న ప్యానెల్ కదులుతుంది. రెంటి మధ్య కేబుల్ మాత్రం రెండు పక్కలా గట్టిగా కట్టేసి, మధ్యలో బిగుతుగా ఉంది. స్టార్టు చేసిన ప్రతిసారీ ఆ లాగుడంతా టై కింద నలిగిన గాజు మీదే పడుతోంది.

అంటే తప్పు రెండు రకాలు. ఎలా పట్టుకోవాలో తెలియలేదు, ఎక్కడ పట్టుకోవాలో ఎవరూ ఆలోచించలేదు. మొదటిది మా చేతిది. రెండోది డ్రాయింగుది. పిల్లాడి ఒక్కడిది ఏదీ కాదు.

క్లాంపు తయారీ

మాలో ఇద్దరికి చిన్నప్పటి నుంచి పశువుల పని తెలుసు. దూడ మెడకు పలుపు కట్టేటప్పుడు రెండు వేళ్లు దూరేంత సందు ఉంచుతాం. బిగిస్తే ఊపిరాడదు, వదిలేస్తే చేనులో పడుతుంది. పలుపు పొడవు కూడా కుడితి దాకా అందాలి. మా క్లాంపు ఆలోచన అక్కడి నుంచే మొదలైంది.

ముందు చోటు మార్చాం. ఒక క్లాంపు గోడ ట్రే కొసన, ఇంకొకటి ప్యానెల్ ఫ్రేము మీద. రెంటి మధ్య కేబుల్ వదులుగా ఒక గుండ్రని వంపు తిరిగి వేలాడుతుంది. కదలికంతా ఆ వంపు తీసుకుంటుంది. వంపు వ్యాసార్ధం కేబుల్ మందానికి 10 రెట్లకు తగ్గకుండా కొలిచాం. అక్కడి నుంచి లోపలున్నదంతా ప్యానెల్‌తో కలిసి కదలాలి. లోపలి కేబుల్ ఒక్కటీ తలుపుకో, గోడకో కట్టి ఉండకూడదు.

ఆ తర్వాత క్లాంపు. మొదటి నమూనా మూసి ఉన్న అల్యూమినియం డబ్బాలాగా చేశాం. లోపల రెండు రబ్బరు దిండ్లు, మధ్యలో కేబుల్ పట్టే గాడి. చూడటానికి బలే ఉంది. బిగించగానే మీటరులో నష్టం పెరిగింది. మెత్తని రబ్బరు పెట్టాక కూడా ఎందుకు నలిగిందో చాలాసేపు అర్థం కాలేదు. పెద్దాయనే చెప్పారు. రబ్బరు ఆకారం మారుతుంది కానీ పరిమాణం తగ్గదు. నీళ్లతో నింపిన సంచిలాంటిది. నాలుగు పక్కలా గోడలు కట్టేస్తే అది పోవడానికి చోటు లేక, ఉన్న ఒక్క మెత్తని చోటు మీదికి, అంటే కేబుల్ మీదికి వస్తుంది.

రెండో నమూనాలో పక్కలు తెరిచాం, రబ్బరు ఉబ్బడానికి చోటు ఇచ్చాం. ఇంకో ముఖ్యమైన మార్పు బోల్టుల దగ్గర. ఒక్కో దిండు 8 మిల్లీమీటర్లు, రెండూ కలిపి 16. ప్రతి బోల్టుకూ 15 మిల్లీమీటర్ల ఇనుప గొట్టం తొడిగాం. స్పానర్‌తో తిప్పితే రబ్బరు ఒక్క మిల్లీమీటరు నొక్కుకుంటుంది, ఆపైన రేకు గొట్టానికి తగిలి ఆగిపోతుంది. ఎంత బలవంతుడు తిప్పినా అంతకన్నా నలగదు. మొత్తం పనిలో మాకు నచ్చింది ఇదే. "జాగ్రత్తగా బిగించు" అని రోజుకు పదిసార్లు చెప్పడం కన్నా, అజాగ్రత్తగా బిగించినా చెడిపోకుండా తయారుచేయడం మేలు. పన్నెండు గంటల షిఫ్టు చివర్లో ఎవరి చేతికైనా లెక్క తప్పుతుంది.

రెండో నమూనాను లాగి చూశాం. కేబుల్‌కు ఐదు కిలోల బరువు వేలాడదీస్తే తొడుగు జారలేదు. కానీ కొస దగ్గర చూస్తే లోపలి దారం రెండు మిల్లీమీటర్లు జరిగింది. తొడుగును పట్టుకున్నాం, లోపలి మనిషిని వదిలేశాం. అప్పుడు గుర్తొచ్చింది, కేబుల్‌లో బరువు మోయడానికి పెట్టింది అరామిడ్ నూలు. గాజు వెలుగు మోస్తుంది, నూలు లాగుడు మోయాలి. మూడో నమూనాలో ప్యానెల్ వైపు క్లాంపు పక్కనే ఒక చిన్న మేకు పెట్టి, పెద్దాయన చేత కొస దగ్గర నూలును దానికి చుట్టించి బిగించాం. ఇక బరువు వేస్తే గాజు కదల్లేదు.

మిగతావి చిన్న విషయాలే అయినా చెప్పాలి. గాడి రెండు కొసలనూ గరాటులాగా వెడల్పు చేశాం, లేకపోతే కేబుల్ అంచు మీద వంగుతుంది. రేకు అంచులన్నీ ఆకురాయితో నున్నగా రుద్దాం. అదురుకు ఊడకుండా నైలాన్ లాక్ నట్లు వాడాం. విప్పినప్పుడు స్క్రూ ఊడి కింద కరెంటు టెర్మినల్ మీద పడకుండా, రేకుకే అంటిపెట్టుకుని ఉండే స్క్రూలు పెట్టాం. రబ్బరుగా స్టోరులో దొరికిన గ్యాస్కెట్ షీటును మొదట వాడి, తర్వాత సిలికోన్‌కు మారాం. కొన్ని రబ్బర్లు నొక్కి ఉంచితే కొన్నాళ్లకు అలాగే అణిగిపోయి పట్టు వదిలేస్తాయి. వేడిలో సిలికోన్ చాలాకాలం స్వభావం మార్చుకోదు. మాది పొడిగా ఉండే గది కాబట్టి అల్యూమినియం సరిపోయింది. సముద్రం ఒడ్డున బయట పెట్టేదైతే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి.

ఇదంతా మాకు మేమే వెళ్లి బిగించలేదు. గీసిన బొమ్మ, కొలతలు, మీటరు రీడింగులు జతచేసి ఆర్‌ఎఫ్‌ఐ రాశాం. ఇంజనీరు రెండు మార్పులు చెప్పి సంతకం పెట్టాడు. ఆమోదం లేకుండా మంచిపని చేసినా ఇక్కడ అది తప్పుపనే. పెద్దాయన దగ్గరుండగా బిగించాం. బిగించకముందు ఒక రీడింగు, బిగించాక ఒకటి, పంపు నడుస్తుండగా ఒకటి. మూడింటికీ తేడా 0.1 డెసిబెల్ దాటకూడదని మా ఇంజనీరు పెట్టిన షరతు. దాటలేదు. ఏడాది దాటింది, ఆ లింకు మళ్లీ పడలేదు.

ఒక హెచ్చరిక. ఈ మెత్తని క్లాంపు కరెంటు మోసే పెద్ద కేబుళ్లకు పనికిరాదు. షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు ఆ కేబుళ్లు ఒకదాన్నొకటి విపరీతమైన బలంతో తోసుకుంటాయి. వాటికి పరీక్షించిన గట్టి క్లీట్లే కావాలి. ఏసీ కరెంటు మోసే సింగిల్ కోర్ కేబుల్ చుట్టూ ఇనుప కడియం మూసేస్తే ఆ ఇనుమే వేడెక్కుతుంది. ఆ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ది, మనది కాదు.

ఎక్కడైనా ఇదే లెక్క

ఇది మా చిన్న పంపు సంగతి మాత్రమే కాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో, వాజర్రి యమాజీ ప్రజల నేల మీద, మర్చిసన్ ప్రాంతంలో ఆస్కాప్ అనే రేడియో టెలిస్కోపు ఉంది. 12 మీటర్ల డిష్షులు 36. ప్రతి డిష్షూ అటూ ఇటూ, పైకీ కిందికీ తిరగడమే కాక తన చుట్టూ తానూ తిరుగుతుంది. అంత కదిలేదాని లోపలి నుంచి కేబుళ్లు బయటికి రావాలి. అదే నేల మీద ఎస్‌కేఏ-లో టెలిస్కోపు కడుతున్నారు. 2022 డిసెంబరులో పని మొదలైంది. పూర్తయితే 131,072 యాంటెనాలు, ఒక్కో స్టేషనుకు 256 చొప్పున 512 స్టేషన్లు. 2025 మార్చిలో మొదటి నాలుగు స్టేషన్లతోనే తొలి చిత్రం తీశారు. మేం అక్కడ పనిచేయలేదు, చదివి తెలుసుకున్నాం. ఆకాశం నుంచి వచ్చే గుసగుసలాంటి సంకేతాన్ని చివరికి మోసేవి కేబుళ్లు, గాజు దారాలే. ఎడారి ఎండలో వాటిని ఏదో ఒకటి పట్టుకుని ఉండాలి, దాన్ని ఎవరో ఒకరు బిగించాలి.

తమ్ముడి సంగతి

మీరంతా ఎదురుచూస్తున్నది ఇదేనని తెలుసు. రీడింగులు వచ్చాక రెండో మీటింగులో లేచి నిలబడ్డాం. టై గట్టిగా లాగమని చెప్పింది మేమేనని, కదలికకు చోటు ఇవ్వాలని డ్రాయింగులో ఎక్కడా లేదని, పెన్ను గీసిన అట్టముక్క చూపించి చెప్పాం. గొంతు వణికింది. ఆ మాట మొదటి మీటింగులోనే చెప్పి ఉంటే పిల్లాడికి ఇరవై రోజుల నిద్ర మిగిలేది. కోత మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తమ్ముడు ఇప్పుడు పెద్దాయన దగ్గరే పని నేర్చుకుంటూ, కేబులర్ రిజిస్ట్రేషన్‌కు కావాల్సిన కోర్సు చదువుతున్నాడు.

ఆ ఇరవై రోజుల్లో మాకు తెలియని చట్టాలు కొన్ని తెలిశాయి. పనిలో నష్టం జరిగిందని యజమాని తన లాభం కోసం మన జీతంలో ఇష్టం వచ్చినట్టు కోయడానికి ఫెయిర్ వర్క్ చట్టం ఒప్పుకోదు. మన రాతపూర్వక అంగీకారం అడిగినా, అది మనకు మేలు చేసే కోత అయితేనే చెల్లుతుంది. కాగితం మీద సంతకం పెట్టేముందు ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్‌కు 13 13 94కు ఫోన్ చేయండి. ఇంగ్లీషు ఇబ్బందైతే 131 450కు చేస్తే తెలుగు దుబాసీని అడగవచ్చు. 482 వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇంకో స్పాన్సరును వెతుక్కోవడానికి 2024 జూలై 1 నుంచి ఒకేసారి 180 రోజుల దాకా గడువుంది. వీసా మొత్తంలో 365 రోజులు దాటకూడదు. ఉద్యోగం పోతే రేపే విమానం ఎక్కాలన్న భయంతో మాలో చాలామందిమి నోరు మూసుకుంటున్నాం. ఆ భయంలో సగం తెలియనితనమే.

చివరగా, సూపర్‌వైజర్లుగా ఉన్న మన అన్నలకు నాలుగు మాటలు. కొత్తవాడికి పని చెప్పేటప్పుడు ఎలా చేయాలో ఒక్కటే కాదు, ఎందుకు చేయాలో చెప్పండి. "గట్టిగా" అనే మాట వాడకండి, కొలత చెప్పండి. ఒకటి రెండుసార్లు చెడిపోతే చేతిని తిట్టేముందు చోటును చూడండి. లాగు బుక్కులో చిన్నవాడి సంతకం ఉన్నచోట, చెప్పినవాడి సంతకం కూడా పెట్టండి. ఇప్పుడు మా గ్యాంగులో అలాగే పెడుతున్నాం.

తమ్ముళ్లకు ఒక్క మాట. అర్థం కాకపోతే అడగండి. అడిగితే తెలివితక్కువవాడు అనుకుంటారని మేమూ భయపడ్డాం. అడగకుండా చేసినదానికి పడ్డ ఖర్చు దానికన్నా ఎక్కువ.

మూడో నమూనా క్లాంపు ఒకటి తెచ్చాం, బయట బల్ల మీద స్పానర్‌తో సహా పెట్టాం. భోజనాలప్పుడు వచ్చి మీ బలమంతా పెట్టి తిప్పి చూడండి. ఎక్కడ ఆగుతుందో మీకే తెలుస్తుంది.